ఫైలు ఎవరి పేరు మీద వేయాలి?

ఖమ్మం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 31. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఎనిమిదేళ్లుగా ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో పని చేస్తున్నారు. భర్తకి 34, బీటెక్ చదివిన జావా డెవలపర్. కిందటేడు ఆయన ఉద్యోగం పోయింది. ఐదు నెలలు ఇంట్లో ఉండి, పాత జీతం కన్నా బాగా తక్కువకి ఇంకోచోట చేరారు. "ఇక్కడ లాభం లేదు, కెనడా వెళ్ళిపోదాం" అన్న మాట అప్పుడే మొదలైంది.

ఇద్దరూ ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో జనరల్ రకం రాశారు. ఆయనకి నాలుగింటిలోనూ 6.5. ఈవిడకి లిజనింగ్ 8, రీడింగ్ 8, స్పీకింగ్ 7.5, రైటింగ్ 6.5. పంజాగుట్టలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, అక్కడి మనిషి రెండు స్కోరు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "సార్, మేడమ్ పేరు మీద వేద్దాం, మీరు డిపెండెంట్" అన్నాడట. ఫీజు మూడున్నర లక్షలు, సగం ముందే కట్టాలి. ఇంకో రెండు లక్షలిస్తే అక్కడి కంపెనీ నుంచి జాబ్ ఆఫర్ లెటర్ కూడా తెప్పిస్తామన్నాడు.

"బండి మీద ఇంటికొచ్చేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. హెల్మెట్ తీశాక కూడా" అని రాశారు. నరసరావుపేటలో ఒంటరిగా ఉంటున్న అత్తగారు ఫోన్‌లో "పెళ్ళాం వెనకాల దేశం పోతావురా?" అన్నారు. ఖమ్మంలో నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన 200 గజాల స్థలం అమ్మి ఖర్చులకి వాడదామని భర్త అంటున్నారు. "అక్కడికెళ్ళాక చూద్దాం" అనుకుంటూ మూడేళ్లుగా పిల్లల్ని వాయిదా వేస్తున్నారు. "మా మధ్య గొడవ లేదండీ, మాటే లేదు. ఫైలు ఎవరి పేరు మీద వేయమంటారు? అసలు వెళ్ళమంటారా?" అని అడిగారు.

* * *

మీరు అడిగినవి చాలా ఉన్నాయి గానీ, ముడి పడింది ఒక్క మాట దగ్గరే: డిపెండెంట్. దాన్ని ముందు విప్పుకుందాం.

ఆ మాట మన ఇళ్లలోకి అమెరికా నుంచి వచ్చింది. భర్త హెచ్1బీ మీద వెళ్తే భార్య హెచ్4 మీద వెళ్ళేది. 2015 దాకా ఆ వీసా మీద పని చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటిన వాళ్లకే ఆ అనుమతి. ఎంటెక్‌లు, ఎంబీఏలు చదివిన మన ఆడపిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో వంటింటి కిటికీలోంచి మంచు చూస్తూ ఏళ్లు గడిపారు. వాళ్ల దిగులు మన చుట్టాల ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ మనిషి నోట ఆ మాట రాగానే మీ వారి కళ్ల ముందు కదిలింది ఆ బతుకే అయి ఉంటుంది. అది తన మీదకి వస్తుందనుకుంటే ఎవరైనా మూగబోతారు.

కాని మీరు అనుకుంటున్న దారిలో సంగతి అది కాదు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్ల లెక్కన మనుషుల్ని ఎంచుకునే పద్ధతిలో గానీ, ఆస్ట్రేలియా 189 నైపుణ్య వీసాలో గానీ భార్యాభర్తలిద్దరికీ కలిపే శాశ్వత నివాసం ఇస్తారు. ప్రధాన దరఖాస్తుదారు అన్న గడి ఎవరి వయసు, చదువు, అనుభవం లెక్కలోకి తీసుకోవాలో చెప్పడానికే. దిగిన రోజు నుంచి ఇద్దరికీ ఒకే హక్కు. ఎవరైనా ఎక్కడైనా పని చేసుకోవచ్చు. ముందు ఆయనకే ఉద్యోగం వచ్చినా, మీరు ఆరు నెలలు ఇంట్లో ఉన్నా అడిగేవాళ్లు ఉండరు. ఈ సంగతి ఆయన మీ నోటి వెంట వినడం కన్నా, ఇద్దరూ కలిసి ఆ దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లలో చదువుకోవడం మేలు. మీరు చెబితే ఓదార్చినట్టు ఉంటుంది.

కాగితం మీద సమానమే అయినా మొదటి ఏడాది బతుకు సమానంగా ఉండదు, అది దాచుకోవద్దు. నర్సుగా మీ రిజిస్ట్రేషన్ అయిపోతే మీకు డ్యూటీ తొందరగా దొరుకుతుంది. ఆయన మాత్రం ఇక్కడి అనుభవం అక్కడ ఎవరూ లెక్కపెట్టని చోట కొత్తవాడిలా ఇంటర్వ్యూలు ఇవ్వాలి. మళ్ళీ ఐదారు నెలలు ఇంట్లో ఉండాల్సి రావచ్చు. కిందటేడు ఆ ఐదు నెలలూ ఆయనకి ఎలా గడిచాయో మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మీకు తెలియక రాయలేదా, ఆయన చెప్పక రాయలేదా? "మేడమ్ పేరు మీద" అన్న మాట కన్నా ఆ ఐదు నెలలు మళ్ళీ వస్తాయేమోనన్నదే ఆయన భయమని నా అనుమానం. ముందు దాని గురించి అడగండి. దేశాల సంగతి ఆ తర్వాత.

ఇక లెక్కల్లోకి వద్దాం, ఎందుకంటే మీరిద్దరూ అసలు అంకెలు చూడకుండానే బాధపడుతున్నారు.

కెనడా పాయింట్ల పట్టికలో మీరు ప్రధానంగా వేస్తే మీ వయసుకి 90, డిగ్రీకి 112, ఇంగ్లీషుకి 115, డిగ్రీ, అనుభవం ఇంగ్లీషుతో కలిసినందుకు 38, ఆయన చదువు, ఇంగ్లీషు వల్ల 20. మొత్తం 375. ఇప్పుడు మీ రైటింగ్ 6.5 దగ్గరికి రండి. అది 7 అయితే భాష పాయింట్లు ఏడే పెరుగుతాయి. కాని నాలుగూ ఆ మెట్టు ఎక్కేసరికి 38 కాస్తా 75 అవుతుంది. అంటే అర బ్యాండుకి 44 పాయింట్లు, మొత్తం 419. ఆ కన్సల్టెన్సీ మనిషి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మూడున్నర లక్షల్లో కొంతైనా న్యాయమయ్యేది.

అయితే 419 కూడా సరిపోదు. ఎక్కువ పాయింట్లున్నవాళ్లని ఎంచి పిలిచే విడతని డ్రా అంటారు. ఆరోగ్యరంగం వాళ్లకి విడిగా తీసిన డ్రాలలో 2025 ఆగస్టులో కటాఫ్ 470. మీ వారి పేరు మీద వేస్తే ఇంకా తక్కువ వస్తుంది. పైగా 2025లో డ్రాలు ఎక్కువగా తీసింది అప్పటికే కెనడాలో పని చేస్తున్నవాళ్లకి, ప్రావిన్సు నామినేషన్ (అక్కడి రాష్ట్రం సిఫారసు) ఉన్నవాళ్లకి, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి, ఆరోగ్యరంగం వాళ్లకి. ఇక్కడ కూర్చుని దరఖాస్తు పెట్టే ఐటీ మనిషికి దారి బాగా సన్నబడింది. ఆ దేశం శాశ్వత నివాసాల సంఖ్యను కూడా తగ్గించుకుంది, 2025కి 3,95,000, 2026కి 3,80,000. కాబట్టి కెనడా విషయంలో "ఆయన పేరా, నా పేరా" అన్న తగాదాకి అర్థమే లేదు. ఈ రోజున రెండు పేర్లకీ పిలుపు రాదు.

పిలుపు రావాలంటే ఒక దారి ఫ్రెంచ్. కెనడా కొలతలో నాలుగు విభాగాల్లోనూ ఏడో స్థాయి తెచ్చుకుంటే మీ మొత్తానికి 62 పాయింట్లు కలుస్తాయి, 2025లో ఫ్రెంచ్ వాళ్ల డ్రా ఒకటి 379కే తీశారు. కాని నైట్ డ్యూటీలు చేస్తూ సున్నా నుంచి ఆ స్థాయికి రావడమంటే ఏడాదిన్నర, రెండేళ్ల దీక్ష. బంజారాహిల్స్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. ఒక నెల తరగతికి వెళ్ళి చూస్తే మీ వల్ల అవుతుందో లేదో మీకే తెలుస్తుంది.

జాబ్ ఆఫర్ లెటర్ సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆ రెండు లక్షలు ఇవ్వకండి. ఉద్యోగ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లను కెనడా 2025 మార్చి 25 నుంచి తీసేసింది. ఆఫర్ నిజమైనదే అయినా పాయింటు రాదు. దొంగదని తేలితే ఐదేళ్లు ఆ దేశం గడప తొక్కనివ్వరు. ఆ మచ్చ ఇద్దరి మీదా పడుతుంది. డబ్బు తీసుకుని కెనడా ఫైలు చేసేవాళ్లు అక్కడి లాయరు అయినా అయి ఉండాలి, లేదా అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో (పేరుకి కాలేజీ గానీ, అది వాళ్లని నియంత్రించే సంస్థ) సభ్యులైనా అయి ఉండాలి. సభ్యుల జాబితా అందరికీ కనిపిస్తుంది, వెతికి చూడండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ తెరవడానికి ప్రభుత్వం రూపాయి తీసుకోదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

మీరు ఉత్తరంలో ఒక్కసారి కూడా ఎత్తని దేశం ఆస్ట్రేలియా. మీ చేతిలో ఉన్న చదువుకి నాకు ముందు తట్టింది అదే. అక్కడి పాయింట్లలో 25 నుంచి 32 ఏళ్ల వాళ్లకి 30. డిగ్రీకి 15, ఎనిమిదేళ్ల అనుభవానికి 15, ఇంగ్లీషులో నాలుగూ 7 అయితే 10. అంటే 70, కనీసం కావలసింది 65. మీ వారి 6.5 ఉంది చూశారా, ఆయన చిన్నబుచ్చుకున్న ఆ కాగితమే, అది మీ ఫైలుకి 5 పాయింట్లు తెస్తుంది. ఆయన తన డెవలపర్ అనుభవాన్ని అక్కడి కంప్యూటర్ సొసైటీతో మదింపు చేయించుకుంటే ఆ 5 కాస్తా 10 అవుతుంది. 80కి ఇద్దరి చదువూ కలిసి చేరుతుంది. ఈ లెక్క ఆయన ముందు పెట్టండి. నర్సులకి తక్కువ పాయింట్లకీ పిలుపు వస్తోంది, అదే ఐటీ వాళ్లకి చాలా ఎక్కువ కావాలి.

దీనికీ ఖర్చు ఉంది, కాలం ఉంది. మన దేశపు నర్సులు ముందు అక్కడి నర్సింగ్ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. దానికి ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష, అది ఇండియాలోనే రాయొచ్చు. తర్వాత ఓస్కీ, అంటే రోగి పక్కన నిలబడి చేసి చూపించే పరీక్ష. దానికి అడిలైడ్ వెళ్ళాలి. బోర్డుకి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ కావాలి, మీరు రాసింది జనరల్. రైటింగ్‌లో 6.5ని బోర్డు 2025 మార్చి నుంచి ఒప్పుకుంటోంది గానీ, వీసా పాయింట్లకి 7 ఉండాల్సిందే. అందుకని ఈసారి అకడమిక్ రాసి అందులోనే 7 కొట్టండి, రెండు పనులూ ఒక్క పరీక్షతో అయిపోతాయి. ఇదంతా అయ్యేసరికి ఏడాది దాటుతుంది. మీకు 33 నిండితే వయసు పాయింట్లు 25కి పడతాయి. పిలుపు వచ్చే రోజున ఉన్న వయసే లెక్క. అంటే మీకు రెండేళ్ల లోపే ఉంది. వీసా రుసుము ప్రధాన దరఖాస్తుదారుకే 4,900 ఆస్ట్రేలియా డాలర్ల దరిదాపు, మీ వారిది అదనం. నేను ఎన్‌క్లెక్స్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. అమెరికా, కెనడాలు కూడా నర్సులకి అదే పరీక్ష పెడతాయి. రేపు ఒక దేశం తలుపు వేసినా చదివిన చదువు వృథా పోదు.

జర్మనీ గురించి కూడా రెండు మాటలు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ నేర్పి పంపిస్తోంది. ఏజెంటు బెడద తక్కువ. కాని నర్సుగా పూర్తి గుర్తింపుకి భాష బీ2 స్థాయి దాకా రావాలి, మొదట్లో ఒక దశలో సహాయకురాలిగా చేయాల్సి రావచ్చు. మీ వారికీ జర్మన్ రాకపోతే అక్కడ ఆయన నిజంగానే డిపెండెంట్ అయిపోతారు. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితికి అది నాకు నచ్చలేదు.

ఆయనే ముందు చదువుకని కెనడా వెళ్ళడం ఇంకో దారి. మీరు రాయలేదు గానీ ఆయన మనసులో ఉండి ఉండొచ్చు, "నేను ముందు వెళ్ళి నిన్ను తీసుకెళ్తా" అన్నది మగవాళ్లకి ఇష్టమైన మాట. 2025 జనవరి 21 నుంచి విద్యార్థుల భార్యలకో భర్తలకో పని అనుమతి అందరికీ ఇవ్వడం లేదు. పదహారు నెలలూ ఆపైన ఉండే మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇంకా కొన్ని ప్రత్యేక కోర్సులకే. రెండు సెమిస్టర్ల డిప్లొమాకి వెళ్తే మీరిక్కడ, ఆయనక్కడ. ఫీజుకి మీ స్థలం పోతుంది. మాస్టర్స్ అయితే కొంత నయం, ఆ డిగ్రీకి పాయింట్లూ పెరుగుతాయి. అయినా చదువు అప్పు నెత్తిన పెట్టుకుని శాశ్వత నివాసం కోసం ఎదురుచూడటం ఆయనకి ఇప్పుడు అవసరమా అన్నది ఆయనే ఆలోచించుకోవాలి.

వెళ్ళకుండా ఉండటమూ ఒక నిర్ణయమే. ఎనిమిదేళ్ల ఐసీయూ అనుభవం ఉన్న నర్సుకి, పదేళ్లకి పైగా కోడ్ రాసిన మనిషికి హైదరాబాద్‌లో అన్నం దొరకదని నేను అనను. ఆయన కోపం దేశం మీదా, ఆ కంపెనీ మీదా? కంపెనీ మీద అయితే, ఆరు నెలలు గట్టిగా చదివి ఇక్కడే మంచి ఉద్యోగం వెతుక్కోవడం వలసకన్నా చవక. మీకు మాత్రం ఐసీయూలో ఒక్కో నర్సుకి ఎంతమంది రోగులుంటున్నారో, నెలాఖరుకి చేతికి ఎంత వస్తోందో మీరే రాశారు. వెళ్ళాలన్న కోరిక ఆయనకన్నా మీలోనే బలంగా ఉందేమో, "ఆయన కోసం" అని చెప్పుకుంటున్నారేమో, మీకు మీరే తేల్చుకోండి. అదే నిజమైతే ఆయనకి ఆ మాట సూటిగా చెప్పడం మంచిది.

పిల్లల విషయం ఫైలుకి కట్టేయకండి. 31 ఏళ్లు పెద్ద వయసేం కాదు, అలాగని వీసా క్యూ చివరికొచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. మధ్యలో బిడ్డ పుడితే పేరు చేరుస్తారు. మీరు గర్భంతో ఉంటే మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే ప్రసవం దాకా వాయిదా వేయించుకోవచ్చు. ఫైలు ఆలస్యమవుతుంది, కొట్టేయరు. ఎన్‌క్లెక్స్ ముందా, బిడ్డ ముందా అన్నది మాత్రం ఆలోచించుకోండి. పసిబిడ్డతో అడిలైడ్ వెళ్ళి పరీక్ష ఇవ్వడం ఎంత కష్టమో ఐసీయూ నర్సుకి నేను చెప్పనక్కర్లేదు. ఆ 33 గీత దాటితే పోయేది 5 పాయింట్లు. అవి మీ వారి మదింపుతోనో, ఇంగ్లీషు 8తోనో పూడ్చుకోవచ్చు. బిడ్డ కోసం ఆగిన ఏళ్లకి అలాంటి పూడిక లేదు.

స్థలం ఇప్పుడే అమ్మకండి. అది మీ స్త్రీధనం, అమ్మాలో వద్దో చెప్పాల్సింది మీరు. ఈ ఏడాది ఖర్చులు, అంటే పరీక్షలు, మదింపులు, ఓస్కీ ప్రయాణం, ఇద్దరి జీతాల్లోంచి నెలనెలా పక్కన పెట్టి నడపగలిగేవే. ఒక్క సంగతి తెలిసి ఉండాలి. కెనడాకి బయటి నుంచి దరఖాస్తు పెడితే ఇద్దరికి దాదాపు 19 వేల కెనడా డాలర్లు సొంత డబ్బు చూపాలి. అప్పు తెచ్చింది పనికిరాదు. ఆరు నెలల సగటు నిల్వ కూడా అడుగుతారు. ఆస్ట్రేలియా 189కి అలా చూపించాల్సిన మొత్తం లేదు. స్థలం మాట వస్తే పిలుపు చేతికొచ్చాకే.

ఈలోపు పైసా పెద్దగా ఖర్చు కాని పని ఒకటుంది, అదే ఎక్కువమందిని ముంచేది. మీ పదో తరగతి మెమో తీయండి. అందులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందా, పూర్తిగా ఉందా? నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఎలా ఉంది? పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో మీ వారి ఇంటిపేరు చేర్చారా? మూడూ మూడు రకాలుగా ఉంటే ఇప్పుడే అఫిడవిట్లు చేయించి పెట్టుకోండి. మీ వయసు చూస్తే విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద చదివి ఉంటారు. దాని పేరు 2022లో వైఎస్సార్‌గా మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ అయింది. మార్కుల జాబితాలో ఒక పేరు, ట్రాన్స్‌క్రిప్టులో ఇంకో పేరు ఉంటే వివరణ పత్రం అడిగి తీసుకోండి. విజయవాడకి ఒకటికి రెండుసార్లు తిరగాల్సి రావచ్చు. మీ వారిని తోడు తీసుకెళ్ళండి. నరసరావుపేట అక్కడి నుంచి ఎంతో దూరం లేదు.

అక్కడికి వెళ్ళినప్పుడు అత్తగారి దగ్గర ఒక పూట ఉండండి. "పెళ్ళాం వెనకాల" అన్న మాటలో రోషం కన్నా దిగులే ఎక్కువ వినిపించింది నాకు. ఒక్కగానొక్క కొడుకు వెళ్ళిపోతే ఈ ఇంట్లో దీపం పెట్టేదెవరని ఆవిడ బెంగ. అది నేరుగా అడగడం చేతకాక కోడల్ని అడ్డం పెట్టుకున్నారు. ఆవిడకి లేనిపోని ఆశలు పెట్టకండి. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల శాశ్వత వీసాకి ఏళ్ల తరబడి క్యూ ఉంది, ఉన్నవాటిలో కాస్త ముందు తెమిలే రకానికి రుసుము ఒక్కరికే 40 వేల డాలర్లు దాటుతుంది, దానికీ ఏళ్లు పడుతుంది. మామూలుగా జరిగేది ఆవిడ చూడటానికి రావడం, మీరు సెలవుకి రావడం. బెంగళూరులో ఉన్న ఆడపడుచుతో కూడా ఈ మాట ముందే మాట్లాడుకోండి, ఆసుపత్రి అవసరం వస్తే ఎవరు పరిగెత్తాలి, నెలకి ఎంత పంపాలి అని. అత్తగారికి చెప్పేటప్పుడు మీరు కొంచెం వెనక ఉండండి. "అమ్మా, ఇద్దరం కలిసి వేస్తున్నాం, నా మార్కులూ అందులో ఉన్నాయి" అన్న మాట మీ వారు తన నోటితో చెప్పాలి.